పునీత ఉర్బాన్ ఎడమ చెంప

తల్లీ బోర్బాలా,

ఈ ఉత్తరం పది రోజుల కిందటే రాయాల్సింది, చెయ్యాడలేదు. ద్రాక్షతోటలను కాచే మన ఉర్బాన్‌గారి ఐదు వందల ఏళ్ల నాటి కొయ్య విగ్రహం పైపూతలన్నీ గీకి, అడుగున దాగిన అసలు ముఖాన్ని రెండేళ్లు కూర్చుని బయటికి తీశావు. తడి తగలనివ్వద్దని చెప్పి చర్చి తాళంచెవి నా చేతికిచ్చావు.

ఆయన పండగ ముందు రోజు గడ్డమంచు పడి ద్రాక్ష చిగుళ్లన్నీ మాడిపోయాయి. తోటలు మాడిన ఏడాది ఆయనకు వాగులో రెండు మునకలు వేయించే ఆనవాయితీ నీకు తెలిసిందే. జనం మన గుమ్మంలోకొచ్చారు.

"కాస్తే నెత్తిన ద్రాక్షసారా పోస్తాం, మాడితే నీళ్లు తాగిస్తాం. ఆయనకిది కొత్తా?" అన్నాడు పొరుగింటి గెర్గెయ్.

"రంగు పోతుందిరా."

"నా తోట పోయింది. దానికెవరు రంగేస్తారు?"

ఎడమ చెంప రంగంతా వాగులో కలిసిపోయింది. మళ్లీ తేగలవా?

జనం తాళంచెవి లాక్కున్నారని ఫాదర్‌గారు నీకు రాసే ఉంటారు. ఆయనకలా అబద్ధం చెప్పింది నేనే. మన తోట కూడా మాడిపోయింది తల్లీ. ఆ తల పట్టుకుని ముంచింది నేను. మూడో మునక వేయించమని నన్నెవరూ అడగలేదు.

నీ చిన్నాన్న