పొగ లాగని చిమ్నీ

దోహా, 3 డిసెంబరు 1996

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అరుంధతికి ఆశీస్సులు.

ఇక్కడ అల్ హిలాల్ పేటలో మా యజమాని కొత్త విల్లా కట్టించుకుని, ఏ చలిదేశంలోనో చూసొచ్చి హాలు గోడలో చలిమంట పొయ్యి పెట్టించాడు. మంటేస్తే చిమ్నీ పొగ లాగడం లేదు. అంతా హాల్లోకే తిరగబడుతోంది. నిన్న నన్ను పిలిచి, "ముహందిస్! దుఖాన్ మాఫీ, వీసా ఫీ!" అన్నాడు. అంటే, పొగ పోగొడితే నీ వీసాకి సంతకం పెడతాడట. ఇంజనీరుని, నాకిదో లెక్కా? పెట్టె సర్దుకో.

నీ రామకృష్ణారావు

తా.క. చొక్కాలన్నీ పొగ కంపు. దగ్గు కూడా పట్టుకుంది. కంగారుపడకు.

బందరు, 15 డిసెంబరు

శ్రీవారికి నమస్కారాలు.

ఎడారిలో చలిమంటా? అబద్ధమైనా అతికినట్టుండాలండీ. మానేశానని ఒట్టేసిన సిగరెట్లు మళ్ళీ మొదలెట్టారు. "పొగ లాగడం" అన్న మాట మీ కలమే కక్కేసింది!

అరుంధతి

తా.క. ఉత్తరం వాసన చూశాను. నాన్నగారికీ చూపించాను. "కట్టెల పొగలా ఉందమ్మా" అన్నారు. ఆయనకి జలుబు.

దోహా, 28 డిసెంబరు

అరుంధతికి ఆశీస్సులు.

సిగరెట్టు ముట్టలేదు, నీ మీద ఒట్టు. ఇక్కడా ఈ నెలలో సాయంత్రమైతే స్వెట్టరు వేస్తున్నాం. చిమ్నీ ఎత్తు పెంచాను. పొయ్యి నోటికి అడ్డంగా రేకు బిగించాను. అయినా పొగ తగ్గలేదు. "కండ్లు పోతున్నయ్ సారూ" అంటాడు వంటమనిషి గులాం నబీ. నేను వదుల్తానా? యజమానీ, నేనూ కూర్చుని రోజుకి రెండు కట్టలు కాలుస్తున్నాం.

నీ రామకృష్ణారావు

తా.క. ఆయన మూడో కట్ట కూడా తెప్పిస్తున్నాడు.

బందరు, 9 జనవరి 1997

శ్రీవారికి,

రోజుకి రెండు కట్టలా! అయితే సిగరెట్లు కూడా కావు, బీడీలన్నమాట! అదీ యజమానితో కలిసి! మీతో ఇక మాటల్లేవు.

అరుంధతి

తా.క. ఇంగ్లీషు ఎమ్మే ఊరికే చదవలేదు. మీ యజమానికే రాసి పడేశాను: "అయ్యా, దయచేసి ఈ పొగ ఆపించండి. మా వారి ఆరోగ్యం పాడవుతోంది. నేనక్కడుంటే ఒక్కరోజులో ఆపేద్దును."

దోహా, 23 జనవరి

నా పాలిట లక్ష్మి అరుంధతికి,

కట్టలంటే కట్టెల మోపులు తల్లీ, బీడీలు కావు!

నీ ఉత్తరం చూసి యజమాని పొంగిపోయాడు. "నీ మేడమ్ ఇండియాలో కూర్చుని నా చిమ్నీ గురించి బాధపడుతోంది! ఒక్కరోజులో ఆపుతుందట. నువ్వేం చేస్తున్నావ్? యల్లా, పిలిపించు!" అని అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు. వీసా కాపీ ఇందులో పెట్టాను.

మొన్న గులాం నబీ జ్వరమొచ్చి రాలేదు. యజమానీ ఇంట్లో లేడు. నేను మంటేస్తే పొగ బుద్ధిగా పైకి పోయింది! అప్పుడు తెలిసింది. కిటికీలు బిగించిన ఇంట్లోంచి అతను రోజూ వేసే వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను గాలంతా బయటికి తోడేస్తోంది. ఆ లోటు తీర్చడానికి చిమ్నీలోంచి గాలి కిందికి దిగుతూ పొగని హాల్లోకి తోసేస్తోంది. ఇది ఎవరికీ చెప్పలేదు. చెబితే, పనయిపోయిందిగా, ఇక నిన్నెందుకు పిలవడమంటాడు.

నీ రామకృష్ణారావు

తా.క. ఆయన నిన్ను పొగల డాక్టరనుకుంటున్నాడు. నువ్వు రాగానే చేయాల్సింది వంటింట్లో ఫ్యాను మీట నొక్కి ఆపడమే. కానీ ముందు కాసేపు చిమ్నీకేసి చూసి, తల పంకించు. మేం ఇంజనీర్లం చేసేదీ అంతే.