రెండో భాగంల దయ్యాలు నవ్విస్తయి

ఆదివారం, పండుకునే ముందు

అన్న ఇయ్యాల దయ్యాల గేమ్ రెండో భాగం తెచ్చిండు. మొదటిది మేమిద్దరం లైటు బంద్ చేసి, ఇంట్ల మగ్గం కింది గుంటల కాళ్లు పెట్టుకొని ఆడినం. భయమైతే నా చెయ్యి పట్టుకునేటోడు. గీ దాంట్ల దయ్యాలన్నీ జోకర్ల లెక్కున్నయి. కొత్త వదినెకు భయమని గిసొంటిది తెచ్చిండట. లైటు గూడ ఆర్పలే. గుంట కాడ నా జాగల వదినె కూసుంది.

"ఎట్లుందే? ఆడొచ్చా?" అని అన్న అడిగిండు.

"చిన్న పోరగాండ్ల ఆట. దండుగ."

"నువ్వొకపారి ఆడి చూడు సునీతా," అని వదినె జరిగి జాగిచ్చింది. తలకాయ నొస్తుందని చెప్పి అర్రలకొచ్చిన.

గోడవతల ఇద్దరు ఒక్కతీరుగ నవ్వుతున్నరు. ఇందాక నేనాడున్నప్పుడు గేమ్ల దయ్యమే అన్న ఆడే బొమ్మను చూసి భయపడి కెవ్వుమన్నది. అది యాదికొచ్చి నాక్కూడ నవ్వాగలే. వాళ్లకు వినపడొద్దని చున్నీ నోట్ల కుక్కుకున్న.