భజనల అరలో నీ పాటలు

రవీ,

అక్షరాలు వంకరగా ఉన్నా, తప్పులున్నా ఏమీ అనుకోకు. ఐదో తరగతితో బడి మానేసిన మీ వదిన రాత ఇంతే.

నువ్వు చనిపోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున అత్తమ్మతో నారాయణగూడ వెళ్లాను. నువ్వే రాసి, నువ్వే పాడిన ఆల్బమ్ అమ్మకానికి ఇచ్చిన దుకాణం ఆయన మమ్మల్ని చూసి కేకేశాడు.

"అమ్మా, మీ పిలగాని సీడీలన్నీ అయిపోయినయి. ఇంట్ల ఇంకేమన్న ఉన్నయా?"

నువ్వున్నప్పుడు నాలుగు కూడా పోలేదు కదా! అట్ట మీద దీపం బొమ్మ చూసి ఆయన వాటిని భజనల అరలోకి మార్చాడట. కార్తీకమాసంలో జనం దేవుడి పాటలనుకుని కొనుక్కున్నారట.

"మరి తిట్టుకుంట వాపస్ తేలేదా?" అంది అత్తమ్మ.

"ఒక పెద్దాయన వచ్చిండు. గిటారు మోత జర ఎక్కువున్నదన్నడు. అనుకుంటనే ఇంకో రెండు కొనుక్కపోయిండు, బిడ్డలకని!"

ఆయన తన కోసం దాచుకున్న ఒక్క సీడీలో మూడో పాట పెట్టాడు. బస్సుల చప్పుడులోనూ నీ గొంతు ఎంత తేటగా ఉందో! మధ్యలో నా కూనిరాగం వచ్చింది. కూరగాయలకని చెప్పి అశోక్‌నగర్‌ స్టూడియోకి వచ్చి నీతో పాడిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు కదా.

"ఈ పిల్ల ఎవలో గని, నా కొడుకుకు మంచిగ తోడు పాడింది. దొరికితే ఇంటికి పిలిచి కడుపునిండ అన్నం పెడ్త," అంది అత్తమ్మ.

నేను కొంగు సర్దుకున్నాను. ఒకరోజు నా నోటితోనే చెబుతాను. అప్పటిదాకా ఈ కాగితం ఆమె కంట పడకూడదు. చదవగానే కాల్చేయి.