‘నిద్ర ఓడ’ చివరి భాగం సంగతి

సోమవారం

తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ బావా, గుడ్లు పొదిగే మిషన్లూ అందరం బాగానే ఉన్నాం. నువ్వు ఎలా ఉన్నావో తెలియకే ఈ ఉత్తరం.

ఫోను ఎత్తడం లేదు కాబట్టి కాగితం పట్టాను. రాసి చాలా కాలమైంది, చేయి మొరాయిస్తోంది. నిన్న మీ నిర్మాత హేచరీకి ఫోన్ చేశాడు. నువ్వు రాసిన ‘నిద్ర ఓడ’ సీరియల్ చివరి భాగం టీవీలో వచ్చిన మర్నాటి నుంచి నువ్వు ఆఫీసుకి రావడం లేదని, ఇక రాయనని ఒక్క ముక్క పంపి ఊరుకున్నావని చెప్పాడు. మీ ఇంటికేమైనా వచ్చాడా అని అడిగాడు. రాలేదన్నాను. ఆ మాట నా నోటితో అన్నాక, చూసుకోకుండా గుడ్ల ట్రేల మీద కూర్చోబోయాను. మీ బావ రెక్క పట్టుకుని పక్కకి లాగాడు.

జనం నిన్ను ఏమేం తిడుతున్నారో చదివాను. చదవద్దని మీ బావ గోల. తను మాత్రం జనరేటరు గదిలోకి పోయి చదువుకుని వస్తున్నాడు. వచ్చి, వీళ్లకి కుదురైన పనులు లేవే, అందరూ ఖాళీగా ఉన్నారు అంటాడు. ఆ చివరి భాగం రాసిన చేయి విరగ్గొట్టాలని ఒకడు రాశాడట. వాడి అడ్రసు ఎలాగైనా దొరుకుతుందా అని నన్నడిగాడు. దొరికితే ఏం చేస్తావయ్యా అంటే, ఏం లేదు, ఊరికే చూసొస్తా అన్నాడు.

ముందు మీ బావ సంగతి తేల్చాలి. ఆ సాయంత్రం చివరి భాగం అయిపోగానే నువ్వు ఫోన్ చేశావు. నా చేతులు కోడిపిల్లల్లో ఉన్నాయని ఆయన ఎత్తాడు. ఎలా ఉంది బావా అని నువ్వడిగితే, పర్లేదు అన్నాడట. నువ్వు సరేనని పెట్టేశావట. ఆ తర్వాత ఎవరికీ నీ గొంతు వినపడలేదు.

అది మిషన్లలోంచి పిల్లల్ని తీసే రోజురా. ఆ రోజు మన హేచరీలో ఎవరు ఏమడిగినా ఏమంటాం? అన్ని ట్రేలూ బయటికి వచ్చేదాకా బాగుందనీ అనం, బాగాలేదనీ అనం. పర్లేదు అంటాం. నాన్న పెట్టిన అలవాటు. నువ్వు కూడా ఆ మిషన్ల గదిలో పెరిగినవాడివే. పొద్దుటి నుంచి మీ బావ నోట్లో ఆ మాట తప్ప ఇంకో మాట లేదు. కోడిపిల్లల పెట్టెలు తీసుకెళ్లడానికి వచ్చిన డ్రైవరు ఒంట్లో ఎలా ఉందన్నా అని పలకరిస్తే కూడా అదే చెప్పాడు. అది నీ కథ మీద తీర్పు కాదు. ఇది నీకు చెప్పే దారి లేక ఆయన కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని లేచిపోతున్నాడు. రోజూ నన్ను ఏడిపించే మనిషి ఇంత నెమ్మదిగా ఉంటే నాకు మరీ భయంగా ఉంది.

నిజంగా ఎలా ఉందో నేను చెబుతాను. చిన్నప్పుడు నువ్వు ఏది రాసినా నాకే చూపించేవాడివి. బాగుందంటే నమ్మేవాడివి కాదు. ఏది బాగాలేదో చెప్పు అని వెంటపడేవాడివి. అందుకని రెండూ చెబుతాను. కోపం వస్తే రానీ, చివరిదాకా చదువు.

ప్యాకింగ్ గదిలో టీవీ పెట్టుకుని పని చేసుకుంటూ చూశాం. మొదటి సగం మా పని సాగలేదు. ఇన్నేళ్లుగా ఆ దూరపు గ్రహం నుంచి జవాబు వస్తోందని ఓడలోని వాళ్లంతా ఆశపెట్టుకుని పోతున్నారు. తీరా దగ్గరికి వెళ్లాక, ఆ వచ్చేది తాము పంపిన పిలుపేనని, గ్రహానికి తగిలి వెనక్కి వస్తోందని కెప్టెనుకి తెలుస్తుంది. అక్కడ సంగీతం పెట్టలేదు చూడు, అది మంచి పని. ప్యాకింగ్ అమ్మాయిలు చేతుల్లో పిల్లల్ని పట్టుకుని అలాగే నిలబడిపోయారు. గదిలో కోడిపిల్లల అరుపు ఒక్కటే వినపడింది.

తర్వాత, ఓడ సొరుగుల్లో ఏళ్ల తరబడి నిద్రపోతున్న అంతమందిలోనూ కెప్టెను ఆ ముసలామెను లేపడం. అంత చదువుకున్నవాళ్లు ఉండగా ఈవిడెందుకు అని మీ బావ గొణిగాడు. అక్కడ ఎవరూ లేరమ్మా, ఇన్నాళ్లూ మనతో మనమే మాట్లాడుకున్నాం అని కెప్టెను చెబితే ఆమె ఏడవలేదు. నీళ్లున్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాడు. అయితే నన్ను దించు నాయనా, మోకాళ్లు పట్టేశాయి అంది. మీ బావ పకపకా నవ్వాడు. నవ్వి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ మాట రాసినవాడికి రాయడం చేతకాదని ఎవడైనా అంటే వాడికి చూడటం చేతకాదు.

ఇక బాగాలేనివి. ఇంజనీరమ్మ తిరిగి రావడం నాకు నచ్చలేదు. ఆమె చచ్చిపోయిన రోజు నేను పని మానేసి కూర్చున్నాను. ఇప్పుడు సందు చివరిదాకా వెళ్లొచ్చినట్టు తలుపు తోసుకుని వచ్చింది. ఎలా వచ్చావమ్మా అని ఓడలో ఒక్కరూ అడగరు. ప్యాకింగ్ అమ్మాయిల్లో గడుసుది ఒకతె ఉంది. అక్కా, అప్పుడు నేను ఏడ్చిన ఏడుపు మీ తమ్ముణ్ణి తిరిగి ఇమ్మను అంది.

తుపాకుల గొడవ సాగదీశావు. మధ్యలో నేను లేచి, మిషన్ల వేడి చూసి, మంచినీళ్లు తాగి వచ్చాను. వాళ్లు ఇంకా అదే తలుపు దగ్గర ఉన్నారు. ఓడను నడిపే ఆ మిషను అందరికీ అబద్ధాలు చెబుతోందని ఈ ఏడాది పొడుగునా మమ్మల్ని బెదరగొట్టావు కదా, చివరికి దాని ఊసే లేదు. ఎందుకు అబద్ధమాడావే అని దాన్ని నిలదీసినవాళ్లు లేరు.

అన్నిటికన్నా ఆ పచ్చిక. ముసలామె కాలు నేల మీద పెట్టింది, అక్కడ ఆపేస్తే సరిపోయేది. వెంటనే పచ్చటి మైదానం, చిన్నపిల్లల పరుగులు, చచ్చినవాళ్లతో సహా అందరూ తెల్లబట్టల్లో నవ్వుతూ నిలబడటం. సబ్బు ప్రకటన మొదలైందనుకున్నాను. జనం తిట్టేదీ ఎక్కువగా దాన్నే. అది నీ చేత పెట్టించారో, నువ్వే పెట్టావో నాకు తెలియదు. నువ్వే పెట్టి ఉంటే ఎందుకు పెట్టావో మాత్రం తెలుసు. చిన్నప్పుడు, పిల్లల్ని తీసేశాక ట్రేల్లో పగలకుండా మిగిలిపోయిన గుడ్లు ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకునేవాడివి. ఇందులో ఉందక్కా, పారెయ్యకు అనేవాడివి. నాన్న అరిచేవాడు. నువ్వు ఇంకొకటి తీసేవాడివి.

కథలో అది లోపమే. కాదనను. కానీ అన్నేళ్ల కథ మోసుకొచ్చి చివర్లో తడబడ్డావు, అంతే కదా. దానికి మనిషి కనపడకుండా పోతాడా? ఇదివరకు ఒకసారి పరీక్ష పోయినప్పుడు నువ్వు ఇలాగే తలుపేసుకున్నావు. ఆ సంగతి మళ్లీ ఎత్తనని నీకు మాటిచ్చాను. ఎత్తను. అప్పటి నుంచి నీ ఫోను మోగి మోగి ఆగిపోతే నాకు చెవుల్లో హోరు మొదలవుతుంది, అది మాత్రం చెబుతున్నాను.

తింటున్నావా? వంట చేసుకోవడం బద్ధకమైతే బయట నుంచైనా తెప్పించుకుంటున్నావా? ఫోనులో జనం రాసేవి చదవడం మానెయ్. నాకు పెద్ద జవాబు అక్కర్లేదు. ఉన్నానని రాస్తే చాలు. రావాలనిపిస్తే వచ్చెయ్. మేడమీది గది ఖాళీగానే ఉంది. ఇక్కడ ఎవరూ కథ గురించి అడగరు. మీ బావ ఒక్కడు ఆ మిషను ఎందుకు అబద్ధమాడిందని నీ ప్రాణం తీస్తాడు. ఆయన నోరు నేను కట్టెయ్యలేను.

నీ మాట కోసం చూసే,
అక్క

తా.క. ఇది ఇంటి నుంచి పోస్టు చేసినట్టు రాశాను. కాదు. మొదటి కాగితం ఇంట్లో రాశాను, తక్కినవి బస్సులో. ఇప్పుడు నీ వాటా బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాను. మీ బావ పక్కనే ఉన్నాడు. మిషన్లు ప్యాకింగ్ అమ్మాయిలకి అప్పజెప్పి వచ్చాం. పెళ్లయ్యాక ఆయన వాటిని వదిలి రావడం ఇదే మొదలు.

ఇందాక తలుపు కొట్టాం. కొట్టగానే లోపల కుళాయి కట్టేసిన చప్పుడు వినపడింది. ఆ చప్పుడు వినేదాకా నేను ఏమేం అనుకున్నానో రాయను. మీ బావ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. తాళాలు తీసేవాణ్ణి పిలవమంటారా అని ఎదురు వాటా ఆవిడ అడిగింది. వద్దన్నాను.

కాగితాలన్నీ తలుపు కింద నుంచి లోపలికి తోసేస్తున్నాను. ఈ చివరిది మాత్రం రాసినంత మేర నీ వైపుకి తోసి, ఇవతలి అంచు పట్టుకుని కూర్చుంటాను. తలుపు తీయాలని లేకపోతే తీయకు. కాగితం లాగు. నాకు తెలుస్తుంది.