బంతి తగిలిన చోటు

టొలీడో బేస్‌బాల్ మైదానం,
శనివారం.

నాడీన్ అక్కా,

నేను కులాసా. మంగళవారం ఆటలో నాకు బంతి తగలడం టీవీలో చూసినప్పటినుంచి అమ్మ ఫోనులో ఏడవడమే తప్ప నా మాట వినడం లేదు. అందుకే నీకీ కార్డు.

రెండేళ్ల తర్వాత నేను బ్యాటు పట్టుకుని వస్తే అవతలి జట్టు కూడా లేచి చప్పట్లు కొట్టింది. వాళ్లలో బంతి విసిరే బెక్‌వర్త్ మాత్రం మొదటి బంతే నా పక్కటెముకలకేసి కొట్టాడు. "జబ్బుపడి లేచినవాణ్ణిరా, జాలైనా లేదా?" అని అరిచాను.

"బంతి వచ్చే దారిలోకి ఒరిగి నిలబడే పాడు అలవాటు పోయిందా నీకు? జాలిపడితే నా బంతిని గోడ దాటించేస్తావు!" అన్నాడు.

వాణ్ణి కౌగిలించుకోవాలనిపించింది. ఆసుపత్రి నుంచి వచ్చాక నన్ను ఆటగాడిలా చూసింది వాడొక్కడే.

నా పాత ఉన్ని చొక్కా పంపు, ఇక్కడ ఇంకా చలిగానే ఉంది. నాన్న ట్రాక్టరు బాగైందా? పిల్లలకు ముద్దులు.

అమ్మకు ఒక్కటి చెప్పు. అప్పట్లో ఏ దెబ్బా తగలకుండానే ఒళ్లు కమిలిపోయేది, నా రక్తపు జబ్బు అలాగే బయటపడింది. ఇప్పుడు దెబ్బ తగిలితేనే కమిలింది. అదీ అప్పుడే పసుపు రంగుకు తిరిగింది. నీ ఎముక మజ్జ నాకెక్కించారుగా, ఆ మచ్చను మాన్పుతున్నది నీ రక్తమే, అక్కా.

నీ తమ్ముడు,
కర్టిస్