మూర్తికి కావలసిన సంతకం

ఏమండీ,

మీరు పోయి రేపటికి ఏడాది. ఇవాళ మూర్తి లడ్డూల డబ్బాతో వచ్చాడు. అదే, క్వేకర్స్ హిల్‌లో మూడిళ్లు అద్దెకిచ్చి ఇన్వెస్టర్‌నని చెప్పుకుతిరిగే ఘనుడు. లైసెన్సున్న ప్లంబరే పైపులు ముట్టాలని మీరు చెబితే నవ్వాడు కదా! యూట్యూబ్ చూసి బాత్రూమ్ పైపులు తనే బిగించాడట. గోడంతా నానిపోయింది. ఇప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు ఆ పని లైసెన్సున్న ప్లంబరే చేశాడని సంతకంతో సర్టిఫికెట్ అడుగుతున్నారట.

"మీ ఆయన సైన్ ఉన్న పాతదొకటి ఇవ్వమ్మా, డేట్ మార్చుకుంటా. మనం మనం ఒకటే కదా!"

అరిగిన వాషర్ కూడా మళ్లీ వాడని మనిషి చేత, పోయాక దొంగ సంతకం పెట్టిస్తాడట, సిగ్గులేనివాడు!

"ఆయన కాగితాలన్నీ ఆయనతోపాటే కాల్చేశాం" అని డబ్బా తిరిగి వాడి చేతిలోనే పెట్టాను.

అబద్ధమే ఆడాను. మీ లైసెన్సు కార్డు నా పర్సులోనే ఉంది. గడువు దాటిపోయింది, అయినా తియ్యలేదు.