నాయన పెట్టించుకున్న మోటారు

అన్నా,

నువ్వు పోయి ఏడాది దాటింది. ఎట్లున్నావని అడగలేను కదా... అందుకే ఇక్కడి సంగతులే రాస్తున్నాను.

నంద్యాలలో నా బడి, పిల్లలు అంతా మామూలే. ఆళ్లగడ్డ బస్సు కనబడితే మాత్రం ఇప్పటికీ ముఖం తిప్పుకుంటాను. ఆ దారిలోనే కదా, వానలో నీ బండిని లారీ కొట్టింది...

నాయన సంగతి నీకు చెప్పాలి.

కరెంటాఫీసులో నీకు ఆ పని అప్పగించిన కొత్తలో ఎంత హుషారుగా ఉండేవాడివి! రైతుల పాత మోటార్లు తీసేసి, తక్కువ కరెంటుతో అన్నే నీళ్లు తోడే కొత్తవి ఊరికే బిగించాలి. చెడిపోతే బాగుచేసే పూచీ కూడా ఆఫీసుదే. ఊరూరా తిరిగావు. సేద్యానికి కరెంటు ఊరికే వస్తుంటే పొదుపు చేసి మాకు ఒరిగేదేమిటన్నారు రైతులు. కరెంటు అమ్ముకునే మనమే తక్కువ వాడమని చెప్పడమేమిటని మీ ఆఫీసులోనే నవ్వారట.

నాకు మాత్రం ఓపిగ్గా చెప్పావు. "వాళ్లకు ఊరికే ఇచ్చేది మేము దుడ్లు పెట్టి కొంటాండాం పాపా. మిగిలితే మాకు ఖర్చు తగ్గుతాది. ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు తగ్గితే లైను కొసన ఉండే మోటరు కాలదు. ఇద్దరికీ మంచిదే."

నాయన వినలేదు. ఈరోజు మోటారు మారుస్తారు, రేపు మీటరు పెట్టి బిల్లు వేస్తారన్నాడు. చర్చి ముందర అందరూ ఉండగానే, కొడుకు ఆఫీసుకు అమ్ముడుపోయాడన్నాడు. ఆ తర్వాత నువ్వు ఏ ఊరికి పోయినా మొదట అదే అడిగారు... మీ నాయన పెట్టించుకున్నాడా అని.

ఇంటికి రావడం తగ్గించావు. "నాయన మీద కోపం ల్యా పాపా. ఆయన ముందర నిలబడేకి మొగం చెల్లడంల్యా" అన్నావు. కొన్నాళ్లకే పోయావు.

నిన్ను పూడ్చిపెట్టి వచ్చాక నాయన చాలా రోజులు తోటకు పోలేదు. ఎండాకాలంలో మన మోటారు కాలిపోయింది. ఎప్పటిలాగే పాతదానికే తీగ చుట్టించి, వైండింగ్ చేయించుకొస్తాడనుకున్నాను. ఆయన నీ చోటికి వచ్చిన ఆఫీసరు దగ్గరికి పోయి, కొత్తది పెట్టమని అడిగాడు. బిగించిన రోజు నేనూ ఉన్నాను. అరటితోటలో పైపు ముందర కూర్చుని నీళ్ల కింద చెయ్యి పెట్టాడు. నీళ్లు బాగానే పడుతున్నాయి. ఆ చెయ్యి చాలాసేపు తీయలేదన్నా...

ఆయనను చూసి ఊళ్లో కొందరు పెట్టించుకున్నారు. లైను కొసన ఉన్న మేరమ్మత్త మోటారు ఈసారి కాలలేదు. అంతా బాగుందనుకోకు. కొత్తది ఒకటి ఆగిపోతే, బాగుచేసేవాళ్లు ఎంతకీ రాలేదు. ఆ రైతు తోట వాడిపోతుంటే జనం నాయన మీదికే వచ్చారు. ఆయన ఆళ్లగడ్డ పోయి, మనిషిని పంపేదాకా ఆఫీసు వరండాలో కూర్చున్నాడు. ఊరి మాటలు, ఆఫీసు మాటలు రెండూ నువ్వెట్ల పడ్డావో అప్పుడు తెలిసిందేమో...

మొన్న పక్క ఊళ్లో మీటింగు పెట్టి, ఆఫీసరు నాయనను మాట్లాడమన్నాడు. తోడుగా నేనూ పోయాను. లేచి నిలబడ్డాడు.

"నా కొడుకు చెప్తే నేను ఇనల్యా. మీరన్నా ఇనండప్పా."

అంతే, కూర్చున్నాడు. ఒకరిద్దరు పేర్లు రాయించుకున్నారు. మిగతావాళ్లు తువ్వాళ్లు దులుపుకుని లేచిపోయారు. నాయన తల ఎత్తలేదు. ఆ మాట నీ ముందర అని ఉంటే... నువ్వు ఏమనేవాడివన్నా?

నిన్ను పూడ్చిన రోజు తప్ప, నీ సమాధి దగ్గరికి ఆయన ఇంతవరకూ రాలేదు. సమాధుల తోట గేటు దాకా వచ్చి తిరిగిపోతాడు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక నేనే వెంటబెట్టుకుని వస్తాను. ఆయన ఏమీ మాట్లాడకపోయినా తప్పు పట్టుకోవద్దు.

నీ చెల్లెలు,
సుగుణ